తొమ్మిది ముళ్ళు

పోయిన వారం ఓబిలేష్‌ను బయమ్మగారి గదిలో, మూత తీసిన ట్రంకుపెట్టె ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. అతన్ని కదిలించే ముందు, మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

ఓబిలేష్ ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టినవాడు. హైదరాబాదులో పదేళ్ళు ఎవరెవరి పేర్ల మీదో మాటలు రాసి, ఎట్టకేలకు తన పేరు తెర మీద పడే తొలి సినిమా కోసం కుందుర్పి పక్కనున్న ఈ ఊరికి వచ్చాడు. కథ కొత్తది కాదు. ఈ ఇంటి పెద్ద బయ్యన్నగారు యాభై ఎనిమిదిలో రాసిన 'కెంజాయ అంచు' నవల. పెద్దింటి పిల్ల చంద్రిక, మగ్గం నేసే శేషు ప్రేమించుకుంటారు. చివరికి శేషు సగం నేసిన చీరకు తొమ్మిది ముళ్ళు వేసి, వాటిని విప్పొద్దని కబురు పంపి ఊరొదిలి పోతాడు. చంద్రిక ఆ చీరను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర బతుకంతా కూర్చుంటుంది. "మూడు ముళ్ళు వేసే అదృష్టం లేనివాడు తొమ్మిది ముళ్ళు వేసి పంపాడు. విప్పకు చంద్రికా, విప్పితే మనం విడిపోతాం." ఈ వాక్యం కంఠతా వచ్చిన ఆడపిల్లలు ఆ రోజుల్లో ఊరికి పదిమంది ఉండేవారు. పరీక్ష పాఠాలు మాత్రం వచ్చేవి కావు.

బయ్యన్నగారు పోయి పద్నాలుగేళ్ళయింది. ఆయన మనవడు కిరణ్ ఇప్పుడు నిర్మాత. వచ్చే ఎన్నికల్లో టికెట్టు కోసం తిరుగుతున్నాడు, తాత పేరు మళ్ళీ జనం నోళ్ళలో నానాలని అతని ఆశ. బయ్యన్నగారి చెల్లెలు బయమ్మ పెళ్ళి లేకుండానే అరవై ఆరేళ్ళకు వచ్చి ఇంటి వెనక గదిలో ఉంటోంది. పోయిన వారం ఆవిడే ఓబిలేష్‌ను పిలిచి, "ఆ చంద్రికను నేనేనప్పా" అని చెప్పి పెట్టె మూత తీసింది. లోపల చీర ఉంది.

ఓబిలేష్ దాన్ని వెంటనే ముట్టుకోలేదు. పొద్దున కిరణ్ చెప్పి వెళ్ళిన మాటలు ఇంకా అతని చెవుల్లో ఉన్నాయి.

"తాత కాలం వేరేప్పా రైటరూ. ఇప్పుడు టికెట్టు కొన్నోడు ఏడ్చుకుంటా ఇంటికి పోడు. కడాకు శేషు తిరిగి రావల్ల. మన వాకిట్లో వాన. తొమ్మిది ముళ్ళ పాట. పెండ్లి. సాయంత్రానికి రాసి నా చేతిలో పెట్టు. రేపు పొద్దున్నే డైరెక్టరు దిగుతాడు."

"వానకి నీళ్ళు యాడియన్నా?" అన్నాడు ఓబిలేష్.

"ఐదు ట్యాంకర్లు చెప్పినా. ఈ కరువులో వాన చూపిస్తే జనం ఎగిరి చప్పట్లు కొడతారు. నీకు చేతకాకుంటే ఇప్పుడే చెప్పు. హైదరాబాదులో రాసేటోళ్ళు శానామంది ఉండారు."

ఆ మాట అంటున్నప్పుడు గోడ అవతల సందులో ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఊరికి రెండు రోజులకు ఒక ట్యాంకరు వస్తోంది. వరసగా మూడో ఏడు వేరుశనగ చెట్టు జానెడు కూడా లేవకుండా మాడింది. సగం ఊరు బెంగుళూరికి కూలికి పోయింది. మిగిలిన సగం, సినిమాలో గుంపుగా నిలబడితే పూటకు అన్నం పెడతారని ఈ ఇంటి అరుగు మీదే పడిగాపులు పడి ఉంది. ఓబిలేష్‌కు ఇవన్నీ కనబడుతున్నాయి. కనబడినా "సరేన్నా" అన్నాడు. పదేళ్ళు తలవంచి రాసినవాడికి తలెత్తడం ఒక్క పొద్దుతో రాదు కదా.

"ఏమప్పా, పామును చూసినట్ల చూస్తాండావు? తీసి చూడు," అంది బయమ్మ. "నువ్వు నేసేటోళ్ళ పిల్లోడివి. ఎట్ల నేసినాడో నువ్వే చెప్పల్ల. పిరికోడైనా బాలప్ప చెయ్యి మాత్రం మంచిది."

బాలప్ప అంటే నవలలోని శేషుకు అసలు పేరు. ఆ పేరును ఆవిడ పంటి కింద పడ్డ రాయిని ఊసినట్టు అంటుంది. నలభై ఆరేళ్ళుగా అలాగే అంటోంది.

ఓబిలేష్ చీరను రెండు చేతులా ఎత్తి మంచం మీద పెట్టాడు. పసుపుపచ్చ ఒళ్ళు, కెంజాయ అంచు. పట్టు మడతల దగ్గర చిరుగు పట్టింది కానీ నేత చెక్కు చెదరలేదు. అంచు పొడుగునా వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు. ఇంత నిదానంగా నేసిన మనిషి తొందరలో లేడని అతనికి అర్థమైంది. పారిపోవాలనుకున్నవాడి చేతిలో, పోగును అటూ ఇటూ దాటించే నాడె ఇలా ఆడదు.

"బాగా నేసినాడమ్మా," అన్నాడు.

"నేయకేమి. సరే, అది ఉండనీ. నేను నిన్ను పిలిచింది చీర చూసేదానికి కాదు." బయమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "సినిమాలో శేషు తిరిగొస్తాడంట కద. కిరణుడు చెప్పినాడు. వచ్చినంక, 'ఏంటికి పోయినావు?' అని చంద్రిక అడగల్ల కదా. వాడు ఏమి చెప్తాడు? ఏమి రాసినావు?"

"ఇంకా రాయలేదమ్మా."

"రాయి. రాసి నాకి చదివి వినిపించు. మా అన్న పుస్తకంలో ఆ జవాబు ల్యా. ఊరికే 'పోయినాడు' అని రాసినాడు. నా పాటికి నేను ఈ గదిలో కూర్చుని వెయ్యి జవాబులు అనుకున్నా. ఒక్కటీ సరిపోలేదు. నువ్వు చదువుకున్నోడివి, మాటలు రాసేటోడివి. అబద్ధమైనా సరే, నమ్మేటట్ల రాయప్పా. నేను నమ్మి సచ్చిపోతా."

ఓబిలేష్ ఆవిడ ముఖం చూడలేక మళ్ళీ చీర వైపు తిరిగాడు. చివరి మడత విప్పాడు. నవల చదివినప్పుడల్లా ఆ తొమ్మిది ముళ్ళు కొంగు చివర అందానికి వేసే కుచ్చుల వంటివని అనుకున్నాడు. పోస్టర్ మీద కూడా అలాగే వేయించారు. ఇక్కడ కొంగే లేదు. ఒంటి మధ్యలో నేత ఆగిపోయింది. ఆపైన మూరెడు మేర నేయని పడుగు దారాలు. వాటిని తొమ్మిది పాయలు చేసి, ఒక్కో పాయనూ గట్టిగా ముడి వేశారు. ముళ్ళన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మెల్లిగా ఒక ముడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. లోపల ఏదో గట్టిగా, చిన్నగా తగిలింది. రెండో ముడిలోనూ తగిలింది. మూడోది చూడడానికి ధైర్యం చాలలేదు.

ఓబిలేష్‌కు పదకొండేళ్ళప్పుడు వాళ్ళ నాయన ముత్యాలప్ప దగ్గి దగ్గి ఒక మధ్యాహ్నం పోయాడు. మగ్గం మీద సగం చీర ఉంది. ఇరుగుపొరుగు ఏడుస్తుంటే వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మ ఏడవకుండా మగ్గం గుంతలోకి దిగింది. నేసేవాళ్ళలో అది ఆడమనిషి చేయాల్సిన పని. నేసేవాడు పోతే ఆ చీరను ఇంకో చెయ్యి ముట్టి పూర్తి చేయకూడదు. మామూలు రోజుల్లో సగం చీరను మగ్గం మీద నుంచి ఎవరూ కోయరు, ఇల్లు తగలబడుతున్నా కోయరు. మనిషి పోయినప్పుడే, తల్లో పెళ్ళామో కొడవలితో పడుగు కోసి, తొమ్మిది పాయలు చేసి, ఎడమచేత్తో ముడి వేస్తుంది. ముడికొక నల్ల నువ్వుగింజ పెడుతుంది. ఆ సంగతి నేసే ఇళ్ళు దాటి బయటివాళ్ళకు తెలియదు, ఎవరూ నోటితో చెప్పుకోరు కూడా. ఓబిలేష్ ఆ రోజు గుంత అంచున కూర్చుని అమ్మ చేతిని చూశాడు. ఇప్పుడు మంచం మీద అవే ముళ్ళు ఉన్నాయి.

గబగబా చీర మడవబోయాడు. నిజం చెప్పుకుందాం, అతనికి మొదట గుర్తొచ్చింది బయమ్మ కాదు, సినిమా. పాట రికార్డయిపోయింది. పోస్టర్లు అచ్చయ్యాయి. లోకమంతా ప్రేమ గుర్తని మురిసిపోయిన తొమ్మిది ముళ్ళు చావు ముళ్ళని తెలిస్తే ఏ సినిమా మిగులుతుంది? తన పేరు తెర మీద చూడాలని ధర్మవరంలో అమ్మ ఎదురుచూస్తోంది. నోరు మూసుకుని సాయంత్రానికి వానా పెళ్ళీ రాసిస్తే సరిపోతుంది. ఈ ముసలావిడ కోరింది కూడా నమ్మేటట్టున్న అబద్ధమే.

"ఏంటికి అట్ల గబగబా మడుస్తాండావు?" అంది బయమ్మ.

"ఏమీ లేదమ్మా."

"అబద్ధాలు రాసేటోడివి గానీ చెప్పేటోడివి కాదు నువ్వు. ఏమి చూసినావు?"

ఓబిలేష్ ఇంకో మడత వేయబోయాడు. ఆవిడ లేచి వచ్చి చీర మీద చెయ్యి పెట్టి, మడత పడనీయకుండా ఆపింది.

"అమ్మా, ఈ ముళ్ళు ఎప్పుడన్నా విప్పినారా?"

"విప్పకూడదు కద. బాలప్పే ఆ మాట చెప్పి పంపినాడంట. విప్పితే విడిపోతామని. చీర తెచ్చిచ్చినప్పుడు మా అన్న చెప్పినాడు, తర్వాత పుస్తకంలో గూడా రాసినాడు. వాడు పిరికోడైనా, నేను మాత్రం ఆ మాట తప్పలేదు."

"బాలప్ప ఆ మాట చెప్పిండడమ్మా."

"నీకెట్ల తెలుసు?"

"ఈ ముళ్ళు వేసింది బాలప్ప కాదు. మగోళ్ళు వేయరు. వాళ్ళ ఇంట్లో ఆడమనిషి వేసింది." ఎడమకు తిరిగిన ముడిని వేలితో చూపించాడు. "మేము మనిషి పోతేనే చీర కోస్తామమ్మా. పోతేనే ఈ ముళ్ళు వేస్తాం. ముడిలో నువ్వుగింజ పెడతాం. ఇది మీ చేతికి వచ్చే పొద్దుకే ఆయప్ప లేడు."

గదిలో ఫ్యాను లేదు, కరెంటూ లేదు. బయట బిందెల దగ్గర ఎవరో ఎవరినో తిడుతున్నారు. బయమ్మ ఆ తిట్లు పూర్తయ్యేవరకు వింటున్నట్టుగా నిలబడింది. తర్వాత మంచం మీద కూర్చుని, మొదటి ముడిని ఒళ్ళోకి లాక్కుని గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది.

నలభై ఆరేళ్ళు బిగిసిపోయిన పట్టు ఒకంతట రాలేదు. ఓబిలేష్ చెయ్యి చాపితే కొట్టినంత పని చేసింది. గోరు విరిగింది, వేలి కొసన రక్తం వచ్చింది. పంటితో పట్టి లాగింది. ముడి వదులై, దారాలు విచ్చుకుని, ఆవిడ అరచేతిలోకి నల్లటి గింజ ఒకటి రాలింది.

బయమ్మ దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"అయితే పారిపోలేదు," అంది.

"లేదమ్మా."

"తిట్టినానప్పా. పొద్దున లేస్తే తిట్టినా, పడుకునేటప్పుడు తిట్టినా. ఉగాది పొద్దు తలకు పోసుకుంటా గూడా తిట్టినా. వాడు యాడో పెండ్లాంబిడ్డలతో సుఖంగా ఉండాడని, వాడి వంశం నాశనం కావల్లని మొక్కుకున్నా. సచ్చినోన్ని తిట్టినానే!" అప్పుడు ఏడ్చింది. ఎదురుగా మనిషి ఉన్నాడన్న తలపు లేకుండా, నోరు తెరిచి, గుండెల మీద కొట్టుకుంటూ ఏడ్చింది. ఓబిలేష్‌కు కూడా ఏడుపు ఆగలేదు. తనకు ఏమీ కాని, చనిపోయిన ఒక నేతగాడి కోసం, ఈవిడ కోసం, ఇంతకు ముందు చీర మడవబోయిన తన చేతుల సిగ్గు కోసం ఏడ్చాడు.

కొంతసేపటికి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కోసిన చీరను ఏమి చేస్తారు మీవాళ్ళు?"

ఓబిలేష్ తటపటాయించాడు. "పోయినోని పెండ్లానికి ఇస్తారమ్మా. ఇంగెవరికీ ఇయ్యరు."

బయమ్మ చీరను దగ్గరికి తీసుకుంది. "వాళ్ళమ్మ అక్కమ్మ," అంది చాలా నెమ్మదిగా. "నన్ను ఆ ఇంటి కోడల్ని చేసుకునే పంపించింది. నాకే ఆ ముళ్ళు చదవను రాలేదు. మా అన్నకూ రాలేదు. అంత చదువుకున్నోడు, సావు కబురును తెచ్చి నాకు ప్రేమ కబురని ఇచ్చినాడు. ఆ వారమే అక్కమ్మోళ్ళు ఇల్లిడిచి పోయినారు. కొడుకును వెదుక్కుంటా పోయినారని చెప్పినాడు."

"అమ్మా, మీ అన్నగారికి తెలిసి..." ఓబిలేష్ ఆ ప్రశ్న పూర్తి చేయలేకపోయాడు. ఆవిడ మనసు అప్పటికే ఆ ప్రశ్న దగ్గరికి చేరుకుంది.

"అప్పుడు అన్న కథ రాస్తాండె," అంది బయమ్మ. "ఇంట్లో అందరికీ భయపడినా గానీ అన్నకు భయపడలేదు నేను. ప్రేమ గొప్పదని చెప్పేటోడు. 'నీ కథే రాస్తాండా పాపా, ఉన్నదున్నట్ల చెప్పు' అని రోజూ అడిగేటోడు. నేను చెప్తాంటి. ఏమి మాట్లాడుకున్నాము, నాకేమి తెచ్చిచ్చినాడు, అంతా. కడాన ఒక పొద్దు అడిగినాడు, వాడు ఏ దారిన వస్తాడు, ఎన్ని గంటలకు వస్తాడు, ఒక్కడే వస్తాడా అని. కథలో దారి సరిగ్గా రావల్ల అన్నాడు. నేను నవ్వుకుంటా చెప్పినా. వంక దాటి, కలబంద గట్టు పక్కన, శుక్రవారం పొద్దు గూకే యాలకు, ఒక్కడే అని చెప్పినా. ఆ శుక్రవారం నుంచి వాడు మళ్ళీ కనబడలేదు."

ఆవిడ అరచేతిలోని గింజను పిడికిట్లో బిగించింది.

"దారి నేనే చెప్పినానప్పా."

ఆ నవలలో కలబంద గట్టు దారి వర్ణన ఎంత అందంగా ఉంటుందో ఓబిలేష్‌కు తెలుసు. కాలేజీ రోజుల్లో దాన్ని నోట్సు పుస్తకంలో ఎక్కించుకున్నాడు. ఈ సినిమాకు మొదటి సీను కూడా అక్కడే పెట్టాడు.

వాకిట్లో జీపు ఆగిన చప్పుడు వినిపించింది. కిరణ్ గొంతు, "రైటరు యాడున్నాడు?" అని ఎవరినో అడిగింది.

"తిమ్మన్నా!" అని బయమ్మ పెరటి వైపు కేక వేసింది.

తిమ్మన్న ఒకప్పుడు బయ్యన్నగారి బండి తోలినవాడు. ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. బండీ ఎద్దులూ పోయినా అతను మాత్రం ఈ ఇంటిని వదలలేదు. రెండు పూటలా బయమ్మకు అన్నం తెచ్చిపెట్టేది అతనే. ఆ రోజు అక్కమ్మ ఇంటి నుంచి చీరను బండిలో తెచ్చి బయ్యన్నగారి చేతికిచ్చిందీ అతనే.

తిమ్మన్న పెరటి గుమ్మంలోంచి వంగి లోపలికి వచ్చాడు. మంచం మీద పరిచిన చీర, విప్పిన ముడి, బయమ్మ వేలి మీద రక్తం కనబడ్డాయి. పిలిచిన పని ఏమిటని అడగలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూలబడిపోయాడు.

"నీకు తెలుసునా?" అంది బయమ్మ.

అతను తల వంచుకున్నాడు.

"నడవాలోంచి కిరణుడు వస్తాండాడు," అంది ఆవిడ ఓబిలేష్‌తో. "నీకు నీ సినిమా కావల్లంటే ఇప్పుడే లేచి పో. నేనేమీ అనుకోను, నాయనా. నువ్వు చూడలేదు, నేను చూపించలేదు. ఉంటానంటే తలుపు గడియ పెట్టు."

అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. ఓబిలేష్‌కు హైదరాబాదులోని గది, పదేళ్ళ కాగితాలు, అమ్మ ముఖం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. లేచాడు. తలుపు దగ్గరికి నడిచాడు. గడియ తుప్పు పట్టి ఉంది, రెండు చేతులతో బలంగా నెడితే గాని పడలేదు.

అవతల నుంచి తలుపు మీద కిరణ్ చెయ్యి పడింది. "జేజీ! లోపలెవరు? రైటరు ఉండాడా? తలుపు తియ్!"

తిమ్మన్న తల ఎత్తి మొదటిసారి బయమ్మ కళ్ళలోకి చూశాడు.

"అమ్మా, బాలప్ప కలబంద గట్టు కాడ వెంటనే పోలేదు," అన్నాడు. "తెల్లారేదాకా బతికే ఉండె. తల నా ఒళ్ళోనే ఉండె. నీకొక మాట చెప్పమన్నాడు. నలభై ఆరేండ్లు నీకు అన్నం పెడతా గూడా నా నోరు రాలేదమ్మా."

తలుపు ఊగిపోతోంది. బయమ్మ అటు చూడలేదు. మంచం దిగి వచ్చి, తిమ్మన్న ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చెప్పు," అంది.